ఆర్సీతో పాటు సర్వీసు చరిత్ర కూడా చేతులు మారాలి

సంపాదకులకు నమస్కారం.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఆర్సీ చూసుకోవాలి, ఇన్సూరెన్స్ చూసుకోవాలి, చలాన్లు, ఫైనాన్స్ ఎన్‌ఓసీ చూసుకోవాలి అని పత్రికల్లో తరచూ చదువుతుంటాం. అన్నీ అవసరమే. కానీ ఆ బండిని ఇన్నేళ్లూ ఎవరైనా పట్టించుకున్నారా, ఆయిల్ ఎప్పుడు మార్చారు, బ్రేకులు చివరిసారి ఎప్పుడు విప్పి చూశారు అని అడిగితే మాత్రం ఈ కాగితాల్లో ఒక్కటి కూడా జవాబు చెప్పదు. కొన్నవాళ్లకి ఆ జవాబు మెకానిక్ షెడ్డులో, డబ్బంతా కట్టేశాక, పేరు మారిపోయాక దొరుకుతోంది. దాని గురించే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే అయింది, వీలైతే పూర్తిగా వేయండి.

మేం నాచారంలో ఉంటాం. నేను స్కూల్ టీచర్ని, మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం. కొత్త కారు ఈఎంఐ మోయలేమని ఏడేళ్ల డీజిల్ కారు ఒకటి నగరంలోనే పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో తీసుకున్నాం. ఆ కన్సల్టెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఒక దుకాణం మీద కోపం తీర్చుకోవడం నా ఉద్దేశం కాదు. డాక్టర్ గారి బండి, సింగిల్ ఓనర్, షోరూమ్ ట్రాక్, అంటే సర్వీసులన్నీ షోరూమ్‌లోనే అన్నారు. తెలిసిన డ్రైవర్ని తీసుకెళ్లి నడిపించి చూశాం, ఇంజిన్ శబ్దం విన్నాం, గేర్లు వేసి చూశాం, చలాన్లు లేవు, లోను తీరిపోయింది. సామాన్యులు ఒక గంటలో చూడగలిగినవన్నీ చూశాం. బాడీకి టెఫ్లాన్ కోటింగ్ వేసి, సీట్లకి కొత్త కవర్లు తొడిగి, ఇంజిన్‌ని కూడా కడిగి పాలిష్ కొట్టి మెరిపించారు. ఆర్టీఏలో పేరు మారడం కూడా ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది.

పైన పటారం లోన లొటారం అన్న సంగతి మొదటి సర్వీసులో బయటపడింది. వనస్థలిపురం ఆటోనగర్‌లో మా చుట్టాలకి ఏళ్లుగా తెలిసిన ఒక మెకానిక్ ఉన్నాడు, అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన ముందు ఆయిల్ పోసే మూత తీసి లోపలికి టార్చి వేసి నన్ను కూడా చూడమన్నాడు. మూత అడుగున రోడ్డేసే తారులాంటి పదార్థం పేరుకుపోయి ఉంది, వేలితో తీస్తే ముద్దలా వచ్చింది. "ఆయిల్ మార్చకుండ పైపైన పోస్కుంట వొచ్చిండ్రు అక్కా" అన్నాడు. కింద డ్రెయిన్ బోల్టు మర అరిగిపోతే దాని చుట్టూ ఎం-సీల్ మెత్తి వదిలేశారు. ఆ బోల్టు అలా ఉంటే ఏ సర్వీసులోనూ పాత ఆయిల్ పూర్తిగా దింపే వీలే లేదు. ఇంత చిన్న పని, ఆయిల్ చాంబర్ దించి కొత్త మర వేయిస్తే అయిపోయేది, దాన్ని ఎవరో మెత్తేసి చేతులు దులిపేసుకున్నారు.

పాత ఆయిల్ వల్ల ఏమవుతుందో చాలామందికి తెలియదు కాబట్టి ఉస్తాద్ నాకు చెప్పింది ఇక్కడ రాస్తాను. ఇంజిన్ ఆయిల్ పని నున్నగా తిరగనివ్వడం ఒక్కటే కాదు, వేడిని మోసుకుపోవడం, మసిని, ఇనుప పొడిని పట్టుకుని ఫిల్టర్ దాకా తీసుకుపోవడం కూడా దాని పనే. గడువు దాటాక అది చిక్కబడి మడ్డి అవుతుంది. ఆ మడ్డి వెళ్లి కింద ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడితే పైకి ఆయిల్ ఎక్కదు. ముందు దెబ్బ తినేది ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బో, ఎందుకంటే అది నిమిషానికి లక్షసార్లకి పైగా తిరిగే వస్తువు, దానికి ఆయిల్ కొద్దిసేపు అందకపోయినా బేరింగులు పోతాయి. తర్వాత ఇంజిన్ బోరుకొస్తుంది, అంటే మొత్తం విప్పి బాగుచేయాల్సి వస్తుంది. రెండుమూడు వేల రూపాయల ఆయిల్ సర్వీసు ఎగ్గొట్టడం వల్ల ఇంకొకరి నెత్తిన లక్ష రూపాయల పని పడుతుంది. ఎగ్గొట్టినవాళ్లు అప్పటికి బండి అమ్మేసి ఉంటారు.

రేడియేటర్ మూత తీస్తే కూలెంట్ ఉండాల్సిన చోట ఎర్రటి తుప్పు నీళ్లు వచ్చాయి. ఎవరో బోరు నీళ్లు పోశారు, ఒకసారి కాదు, తగ్గినప్పుడల్లా. హైదరాబాద్ బోరు నీళ్ల సంగతి మనకి తెలియంది కాదు, గీజర్ కాయిల్ మీద, కుళాయి మూతి మీద తెల్లగా ఎలా గడ్డకడతాయో ప్రతి ఇంట్లో చూస్తున్నాం. అవే నీళ్లు రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పోస్తే అక్కడా అంతే గడ్డకడతాయి. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా ఆపే మందులు ఉంటాయి, మరిగే ఉష్ణోగ్రతని పెంచే గ్లైకాల్ ఉంటుంది. ఉత్త నీళ్లలో ఈ రెండూ లేవు. నాచారం నుంచి సికింద్రాబాద్ పోయి వచ్చేంతవరకూ ఏమీ తెలియదు. మే నెలలో ఏసీ వేసుకుని విజయవాడ హైవే ఎక్కి, పంతంగి టోల్ దగ్గర సెలవుల రద్దీలో నిలబడితే అప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ కాలితే ఆ బండి ఇక చౌటుప్పల్ నుంచి టోయింగ్ మీదే రావాలి.

నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం బ్రేకులు. బ్రేక్ ఫ్లూయిడ్ లేత తేనె రంగులో ఉండాలట, మా బండిలో అది డికాక్షన్ రంగుకి వచ్చింది. ఆ ద్రవానికి గాల్లో తేమని లాక్కునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ బాగా పట్టాక అదే 155 డిగ్రీల దగ్గర మరిగిపోవచ్చు. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. నగరంలో సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి పోతుంటే అంత వేడి పుట్టదు కాబట్టి బ్రేకులు బాగానే పడుతున్నట్టు ఉంటుంది. శ్రీశైలం వెళ్తూ దోమలపెంట దాటి ఘాట్ దిగుతున్నప్పుడు, నిండా మనుషులు కూర్చుని, మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ పోతున్నప్పుడు ఆ ద్రవం మరిగి ఆవిరి బుడగలు వస్తే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. మేం కారు కొన్న వెంటనే అనుకున్నది శ్రీశైలమే. ముందు సర్వీసు చేయిద్దాం అని మా అత్తయ్య పట్టుబట్టారు కాబట్టి ఇవన్నీ తెలిశాయి. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు ఇనుము దాకా అరిగి డిస్కులు గీతలు పడ్డాయి. వెనక డ్రమ్ములు తెరిస్తే లోపల బూడిదలా దుమ్ము, వాటిని ఎవరూ ఎన్నడూ తెరిచినట్టు లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పు విరిగితే ఇనుప తీగతో కట్టారు, ఆ సందులోంచి దుమ్ము నేరుగా ఇంజిన్‌లోకి పోతోంది. ఏసీ ఫిల్టర్‌లో ఎండుటాకులు, ఎలుకల పెంట. ఒక చక్రానికి ఒక నట్టు వేరే బండిది. టైర్లకి నల్ల పాలిష్ కొట్టి కొత్తవాటిలా చేశారు గాని పక్కన ఉండే నాలుగు అంకెల కోడ్ చూస్తే రెండు టైర్లు కారు పుట్టినప్పటివే. ఆ నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, 2317 అంటే 2017లో 23వ వారం. రబ్బరు అరగకపోయినా వయసుతో గట్టిపడి పగుళ్లిస్తుంది. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇప్పుడు వేగ పరిమితి 120, ఆ వేగంలో అలాంటి టైరు పేలితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

ఆఖరున టైమింగ్ బెల్ట్, ఇంజిన్‌లో పిస్టన్లు, వాల్వులు ఒకదాని లయకి ఒకటి కదిలేలా చూసేది అదే. కొన్ని ఇంజిన్లకి దీని బదులు చైన్ ఉంటుంది, మా బండికి బెల్టే. దాన్ని కంపెనీ చెప్పిన కిలోమీటర్లకో, చెప్పిన ఏళ్లకో మార్చి తీరాలి. అది తెగితే ఇంజిన్ తిరుగుతుండగానే పిస్టన్లు వెళ్లి వాల్వులకి కొట్టుకుంటాయి, క్షణంలో అయిపోతుంది. మార్చారా లేదా అని పైకి చూసి చెప్పలేరు, చెప్పాల్సింది సర్వీసు రికార్డే. "రికార్డు ఉంటే పైసలు మిగుల్తయి, లేకుంటే మార్చుడే" అన్నాడు ఉస్తాద్. ఆ రికార్డు కోసం తిరగడం మొదలుపెట్టాక నాకు ఈ వ్యవహారంలో అసలు లోపం ఎక్కడుందో అర్థమైంది.

రికార్డు ఉంది. లేకపోవడం కాదు. కంపెనీ సర్వీస్ సెంటర్ కంప్యూటర్లో, మా బండి నంబర్ కొడితే స్క్రీన్ మీద వస్తుంది, కౌంటర్ దగ్గర కూర్చున్న అబ్బాయి చూస్తూనే ఉన్నాడు. నాకు మాత్రం ఇవ్వరట. పాత ఓనర్ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, ఆయన చెప్తేనే ప్రింట్ ఇస్తాం, అది కస్టమర్ సమాచారం అన్నారు. ఆర్సీ నా పేరు మీద ఉంది సార్ అంటే రూల్ అదే మేడమ్ అన్నారు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, అతనికి చెప్పింది అతను చేశాడు. కానీ ఆలోచించండి, ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏ ఆయిల్ పోశారు, ఏ భాగం మార్చారు అన్నది మనిషి గురించిన సమాచారమా, బండి గురించిన సమాచారమా? పేరు, ఫోన్ నంబర్, అడ్రస్ కొట్టేసి మిగతాది ఇస్తే ఎవరి గోప్యతకి భంగం? ఆ బండిలో రేపు ప్రయాణం చేసేది నా పిల్లలు. బ్రేకులు ఎప్పుడు బాగుచేశారో తెలుసుకునే హక్కు నాకు లేకపోతే ఇంకెవరికి ఉంటుంది?

పాత ఇన్సూరెన్స్ కాగితం మీద ఉన్న నంబర్‌కి ఫోన్ చేస్తే ఆయన మర్యాదగానే మాట్లాడారు, ఓటీపీ కూడా చెప్పారు. డాక్టర్ గారే, కన్సల్టెన్సీ వాళ్లు ఆ మాట నిజమే చెప్పారు. ఫ్రీ సర్వీసులు, వారంటీ అయిపోయేదాకా షోరూమ్‌లో చేయించారు, తర్వాత లేదు. లాక్‌డౌన్ రెండేళ్లు బండి సెల్లార్‌లోనే ఉందమ్మా, తిరగని బండికి సర్వీసు దేనికని వదిలేశాం, తర్వాత ఏదైనా చప్పుడు వస్తే పక్క సందులో అబ్బాయికి ఇచ్చేవాళ్లం, ఎట్లాగూ అమ్మేద్దామనుకున్నాక ఇంక ఖర్చు పెట్టలేదు అన్నారు. ఆయన నన్ను మోసం చేయాలనుకోలేదు. ఏం అడిగితే అది చెప్పారు, దాచలేదు. ఆయన్ని కన్సల్టెన్సీ వాళ్లు అడగలేదు, కన్సల్టెన్సీ వాళ్లని చట్టం అడగలేదు.

తిరగని బండికి సర్వీసు అక్కర్లేదన్న నమ్మకం మన నగరంలో ఎంతమందికి ఉందో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి వెళ్లి చూస్తే తెలుస్తుంది. కంపెనీ మాన్యువల్‌లో ప్రతి సర్వీసు దగ్గరా ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది అని ఉంటుంది. ఆ రెండో సగం ఎవరూ చదవరు. ఆయిల్, కూలెంట్, బ్రేక్ ద్రవం, బ్యాటరీ, టైరు, ఇవన్నీ నిలబడి ఉన్నా పాతబడతాయి. రోజూ పొద్దున్నే వాచ్‌మన్ చేత తుడిపించి, నెలనెలా అతనికి డబ్బులిస్తాం. దసరాకి ఆయుధ పూజ చేసి పసుపు కుంకుమలు పెట్టి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం, గుమ్మడికాయ కొడతాం. బండి మన ప్రాణాలు మోసే వస్తువన్న భక్తి మనకి నిజంగానే ఉంది, మా ఇంట్లోనూ చేస్తాం. ఆ రోజే బానెట్ ఎత్తి, ఏ పని ఎప్పుడు చేయించామో చూసుకునే అలవాటు కూడా చేసుకుంటే ఎంత బాగుంటుంది.

ఇక ప్రభుత్వం సంగతి. ఆటోకి, క్యాబ్‌కి, లారీకి ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. ఆ పరీక్ష ఎలా జరుగుతుందన్నది వేరే కథ, కాగితం మీదైనా ఉంది. సొంత కారుకి మాత్రం రిజిస్ట్రేషన్ అయిన రోజు నుంచి పదిహేనేళ్లు దాటి రెన్యువల్‌కి వెళ్లేదాకా ప్రభుత్వం తరఫున ఒక్క మనిషి కూడా దాని బ్రేకు తొక్కి చూడడు. మధ్యలో ఎన్ని చేతులు మారినా అంతే. ఫారం 29, ఫారం 30 నింపి, స్లాట్ బుక్ చేసుకుని, ఫీజు కడితే పేరు మారిపోతుంది. పైగా లోపం ఉన్న బండిని రోడ్డు మీద నడిపితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద కేసు పడేది నడిపినవాళ్ల మీద, నడపనిచ్చినవాళ్ల మీదే. ఆ లోపాన్ని ఏళ్ల తరబడి పెంచి అప్పగించిన పాత ఓనర్‌ని అడిగే దిక్కు లేదు.

పూర్తిగా చట్టమే లేదని కూడా అనను. పాత బండ్ల వ్యాపారం చేసేవాళ్లు రవాణా శాఖ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలని, బండి తమ దగ్గరికి వచ్చిందన్న సంగతి ఆన్‌లైన్‌లో తెలియజేయాలని, తమ దగ్గరున్నన్నాళ్లూ అది ఎందుకు బయటికి వెళ్లింది, ఎవరు నడిపారు, ఎంత తిరిగింది అన్న ట్రిప్ రిజిస్టర్ ఎలక్ట్రానిక్‌గా పెట్టాలని కేంద్రం 2022 డిసెంబరులో రూల్స్ తెచ్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. మంచి రూల్స్. కానీ వాటి దృష్టంతా బండి దొంగతనాలకి, నేరాలకి వాడబడకుండా, ఓనర్ ఎవరన్న గొడవ రాకుండా చూడటం మీదే ఉంది. డీలర్ దగ్గరున్న నాలుగు వారాల కిలోమీటర్లు రాయమన్నారు, అంతకు ముందు ఏడేళ్ల సంగతి అడగలేదు. ఇక పన్ను విషయానికి వస్తే జీఎస్టీ మండలి 2024 డిసెంబరులో కూర్చుని, రిజిస్టరైన డీలర్లు పాత కార్ల మీద వేసుకునే మార్జిన్‌కి 18 శాతం ఖరారు చేసింది. పన్ను వేయదగిన వ్యాపారమని గుర్తించినప్పుడు, ఆ వ్యాపారంలో కొనేవాళ్లకి ఏం చెప్పి అమ్మాలో కూడా రాసి పెట్టాలి కదా.

వినియోగదారుల చట్టం ఉంది కదా అంటారు. ఉంది, వాడుకోవాలి కూడా. డీలర్ దగ్గర కొన్న బండిలో లోపం దాచి అమ్మారని చూపించగలిగితే 2019 చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, రెండేళ్ల లోపు వెళ్లాలి, ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. మేం కూడా ఆ నంబర్‌కి చేశాం, తర్వాత కన్సల్టెన్సీ వాళ్లు బ్రేకుల ఖర్చు వరకు ఇచ్చారు. మిగతాది ఇవ్వలేదు, "మేం పేపర్ క్లియర్ ఇచ్చినం గద మేడమ్" అన్నారు. వాళ్ల లెక్కలో అంతటితో బాధ్యత తీరింది. మామూలు మనిషి దగ్గర నేరుగా కొంటే ఈ దారి కూడా సాధారణంగా ఉండదు, అక్కడ 1930 నాటి సరుకుల అమ్మకాల చట్టమే. దాని మూల సూత్రం కొనేవాళ్లే చూసుకోవాలన్నది. గేదెని కొన్నా, గడియారం కొన్నా అది సరిపోయిందేమో గాని, లోపల ఏముందో విప్పితే తప్ప తెలియని యంత్రానికి, అదీ నలుగురు మనుషుల్ని మోస్తూ వంద కిలోమీటర్ల వేగంతో పోయే యంత్రానికి, ఆ సూత్రం చాలదు.

వేరే దేశాల్లో ఇది అసాధ్యం కాలేదు. బెల్జియంలో 2006 నుంచి పాత కారు అమ్మాలంటే కార్-పాస్ అనే పత్రం ఇచ్చి తీరాలి, సర్వీసు చేసిన ప్రతి చోటా నమోదైన కిలోమీటర్లు తేదీలతో సహా అందులో ఉంటాయి. మీటరు వెనక్కి తిప్పితే ఆ పత్రమే పట్టిస్తుంది. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కార్లకి ఏటా పరీక్ష, ఏ ఏడాది ఎన్ని మైళ్లు ఉంది, ఏ లోపంతో ఫెయిలైంది అన్నది నంబర్ కొట్టి ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. మన దగ్గర చలాన్ అయితే నంబర్ కొట్టిన మరుక్షణం ఫోటోతో సహా వస్తుంది. హెల్మెట్ పెట్టుకోని సంగతి నమోదు చేసి ఉంచే వ్యవస్థకి ఆయిల్ మార్చని సంగతి నమోదు చేసి ఉంచడం కష్టమా?

అందుకని రవాణా శాఖ వారిని నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఓనర్‌షిప్ మార్చే దరఖాస్తులో ఆ రోజు మీటర్ రీడింగ్ రాసే గడి ఒకటి పెట్టండి, అమ్మేవారు కొనేవారు ఇద్దరూ సంతకం పెట్టాలి, ఆ అంకె ఆర్సీ వివరాల్లో కనబడాలి. ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో, పొల్యూషన్ పరీక్షలో కూడా మీటర్ రీడింగ్ నమోదు చేయిస్తే ఏటా ఒక అంకె చేరుతుంది, ల్యాప్‌టాప్ పెట్టి మీటర్లో లక్ష కిలోమీటర్లని యాభై వేలు చేసేవాళ్ల పని అక్కడితో ఆగుతుంది. రెండోది, కంపెనీ సర్వీస్ సెంటర్లు ఆర్సీ చూపించిన ప్రస్తుత ఓనర్‌కి, పాతవాళ్ల వ్యక్తిగత వివరాలు తీసేసి, ఆ బండి పూర్తి సర్వీసు చరిత్ర ఇచ్చేలా ఉత్తర్వు ఇవ్వండి. డీలర్లు బండి అమ్మేటప్పుడు ఆ చరిత్రని జత చేయాలి, లేకపోతే లేదని రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. లేదు అని రాసి ఉన్న బండికి ధర దానంతట అదే తగ్గుతుంది, అప్పుడు ఓనర్లకి కూడా సర్వీసు చేయించాలన్న బుద్ధి పుడుతుంది.

రూల్ వచ్చేదాకా కొనేవాళ్లు ఆగరు కాబట్టి నేను నేర్చుకున్న నాలుగు మాటలు. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే ముందే సర్వీసు ప్రింట్ అడగండి, ఓటీపీ చెప్పేందుకు పాత ఓనర్‌తో మాట్లాడించమనండి. మాట్లాడించం అంటే ఆ బండి వదిలేయండి, హైదరాబాద్‌లో కార్లకి కరువు లేదు. ప్రింట్ ఏ ఏడాదితో ఆగిపోయిందో చూడండి, షోరూమ్ ట్రాక్ అన్న మాట మూడో ఏటికే ఆగిపోయి ఉండొచ్చు. ఆయిల్ మూత, రేడియేటర్ మూత ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తీయించి చూడండి, పాలిష్ కొట్టేవాళ్లు మూతల లోపల కొట్టరు. బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు అరిగిపోయి మీటర్ మాత్రం ముప్పై వేలు చూపిస్తే నమ్మకండి. పాత ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎంతో చూడండి. వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతానికి చేరుతుంది, సున్నా ఉంటే ఎందుకో అడగండి, క్లెయిమ్ అయి ఉండొచ్చు, పాలసీ మధ్యలో తెగి ఉండొచ్చు. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, మట్టి చార ఉంటే అది మునిగిన బండి. 2020 అక్టోబరు వానలకి మన నగరంలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు నీళ్లలో నానాయో మనం టీవీల్లో చూశాం, అవన్నీ తుక్కుకి పోలేదు. వీలైతే బండిని లిఫ్ట్ మీద పెట్టించి కింద నుంచి చూపించండి, మెకానిక్‌కి ఇచ్చే వెయ్యి రెండు వేలు దండగ కాదు. కొన్నాక ఇన్సూరెన్స్ కూడా పద్నాలుగు రోజుల్లోపు మీ పేరు మీదకి మార్పించుకోండి, లేకపోతే మీ బండికి జరిగిన నష్టానికి డబ్బు రావడం కష్టం.

సందుల్లో షెడ్లు నడిపే మెకానిక్ అన్నలకి కూడా ఒక విన్నపం. చేసిన పని, పెట్టిన భాగం, ఆ రోజు కిలోమీటర్లు ఒక చిట్టీ మీద రాసి ఇవ్వండి, ఫోన్‌లో వాట్సాప్ మెసేజ్ పెట్టినా చాలు. కంపెనీ వాళ్ల కంటే బాగా పని చేసేవాళ్లు మీలో ఎంతోమంది ఉన్నారు, కానీ ఆ పనికి గుర్తు మిగలడం లేదు. అరిగిన బోల్టుకి ఎం-సీల్ పెట్టమని ఓనర్ అన్నా, పైసలు తక్కువిస్తానన్నా, బ్రేకుల దగ్గర, చక్రాల నట్ల దగ్గర మాత్రం ఒప్పుకోకండి. ఆ బండి రేపు ఎవరి చేతికి పోతుందో మీకూ తెలియదు.

పైన రాసిన రెండు కోరికలతో రవాణా శాఖ కమిషనర్ గారికి, కారు కంపెనీ కస్టమర్ కేర్‌కి విడివిడిగా లేఖలు పంపాను. ఇదే ఇబ్బంది పడినవాళ్లు మీ బండి విషయం రాసి పంపితే బాగుంటుంది, ముఖ్యంగా సర్వీస్ సెంటర్‌లో రికార్డు ఇవ్వనన్నవాళ్లు ఆ మాటని రాతపూర్వకంగా తీసుకుని జత చేయండి.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయిని,
నాచారం, హైదరాబాద్